శాటిలైట్ ఫోన్‌ను బీరువాలోంచి బయటికి తీయండి: తీర జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం నుంచి తిరుపతి దాకా సముద్ర తీరం ఉన్న జిల్లాల కలెక్టర్లకు, తుఫాను వేళల్లో కంట్రోల్ రూముల్లో కూర్చునే సిబ్బందికి,

నమస్కారం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. రెండుసార్లూ కరెంటు వెంట ఫోన్లూ పోయాయి. టవర్ కూలితేనే ఫోన్ పోతుందని చాలామంది అనుకుంటారు కానీ, ఎక్కువ టవర్లు నిలబడే ఉండి మూగబోతాయి. కరెంటు పోయాక 48 వోల్టుల బ్యాటరీ కొన్ని గంటలు లాగుతుంది. తర్వాత డీజిల్ కావాలి, డీజిల్ ట్యాంకర్ రావడానికి రోడ్డు కావాలి, రోడ్డు మీద చెట్లు పడి ఉంటాయి. ఆ చెట్లే స్తంభాల వెంట వేలాడే ఫైబర్‌నూ తెంపుతాయి. ఫైబర్ తెగితే డీజిల్ ఉన్న టవర్ కూడా దిష్టిబొమ్మే.

అప్పుడు దిక్కు శాటిలైట్ ఫోన్. ఉపగ్రహం ఉండేది 35,786 కిలోమీటర్ల ఎత్తున, దాని కాల్‌ను మామూలు ఫోన్ల నెట్‌వర్క్‌కు కలిపే నేల మీది కేంద్రం (గేట్‌వే) ఉండేది ఘజియాబాద్‌లో. బంగాళాఖాతం తుఫాను ఈ రెంటినీ తాకలేదు. తెగే అవకాశం ఉన్నది ఒక్క చోటే, ఫోన్ పట్టుకున్న మనిషి దగ్గర. ఈ ఉత్తరం ఆ మనిషి గురించి. పరికరం కొనడం, అనుమతి తీసుకోవడం మీకు తెలిసిన పనులే. కొన్నదాన్ని గాలివానలో పనిచేయించడం వేరే పని. అందులో ఏది ఎందుకు చెడుతుందో ఈ పరికరాలతో పనిచేసేవాళ్లుగా రాస్తున్నాం.

ముందు నిలబడే చోటు. భూస్థిర ఉపగ్రహాలు, అంటే భూమితో పాటే తిరుగుతూ ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టు కనిపించేవన్నీ, భూమధ్యరేఖకు ఎగువన ఉంటాయి కాబట్టి మనకు ఎప్పుడూ దక్షిణపు ఆకాశంలోనే ఉంటాయి. కలెక్టరేట్‌కు ఉత్తరం వైపు పోర్టికోలో నిలబడి ఎంతసేపు తిప్పినా సిగ్నల్ రాదు. మీ ఫోన్ ఏ ఉపగ్రహంతో మాట్లాడుతోందో సర్వీసు ఇచ్చేవారిని అడిగి కాగితం మీద రాయించుకోండి. అది 64 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటే విశాఖ నుంచి చూసేవారికి నైరుతి మూలన, నేల నుంచి 60 డిగ్రీల ఎత్తున ఉన్నట్టు. అదే ఉపగ్రహం ఇచ్ఛాపురంలో 57 డిగ్రీలు, నెల్లూరులో 65 డిగ్రీల ఎత్తున ఉంటుంది. 83 డిగ్రీల దగ్గరిదైతే విశాఖకు నేరుగా దక్షిణాన 69 డిగ్రీల ఎత్తున ఉంటుంది. డిగ్రీలు కొలవడానికి పరికరం అక్కర్లేదు. చెయ్యి బారచాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. దిగంతం నుంచి పిడికిలి మీద పిడికిలి ఆరుసార్లు పేర్చితే అదే 60.

దీని నుంచే మరో లెక్క. దక్షిణం వైపు 10 మీటర్ల భవనం అడ్డుంటే దాని గోడ నుంచి కనీసం 6 మీటర్లు ఎడంగా నిలబడాలి. కొబ్బరిచెట్లకూ ఇదే లెక్క. తడిసిన మట్టలు ఎండు మట్టల కన్నా ఎక్కువ సిగ్నల్ మింగుతాయి. తుఫాను షెల్టర్‌లో అయితే వానకు తడవకుండా మాట్లాడాలి కదా. దక్షిణపు వరండా మంచిదే, కానీ కప్పు ఎత్తు 3 మీటర్లుంటే, ఫోన్ చెవి దగ్గర ఉన్నప్పుడు, వరండా అంచు నుంచి అర మీటరుకు మించి లోపలికి జరగకూడదు. ఇంకో అడుగు వెనక్కి వేస్తే స్లాబు అడ్డొస్తుంది. మాట మధ్యలో తెగిపోతే ఉపగ్రహాన్ని తిట్టుకుంటాం. అందుకని ప్రతి షెల్టర్లోనూ, ప్రతి తహసీల్దారు ఆఫీసులోనూ ఆ అర మీటరు దగ్గర పసుపు రంగు పెయింటుతో రెండు పాదాలు, ఉపగ్రహం వైపు ఒక బాణం గుర్తు వేయించండి. డబ్బా పెయింటు చాలు. మేము చెప్పే పనుల్లో అన్నిటికన్నా చవకైనది, అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడేది ఇదే.

గది లోపల మాత్రం పనిచేయదు, ఆశ పెట్టుకోవద్దు. సెల్ టవర్ మూడు నాలుగు కిలోమీటర్లలో ఉంటుంది, ఇది 36 వేల కిలోమీటర్ల పైన. గోడకు, కాంక్రీటు కప్పుకు ఇవ్వడానికి దాని దగ్గర మిగులు లేదు. వానకు మాత్రం భయపడనక్కర్లేదు. ఈ ఫోన్లు వాడే ఎల్-బ్యాండ్ (తక్కువ ఫ్రీక్వెన్సీ) తరంగాలను వాన దాదాపు ఏమీ చేయదు. వానకు పడిపోయేది ఆఫీసు డాబా మీది, ఎక్కువ ఫ్రీక్వెన్సీలో పనిచేసే కేయూ-బ్యాండ్ డిష్. 1.2 మీటర్ల డిష్ చూపు వెడల్పు డిగ్రీన్నర మాత్రమే. గాలికి స్తంభం ఒక్క డిగ్రీ ఒరిగినా లింకు పోయినట్టే. డిష్ ఉంది కదా అని ఫోన్‌ను పక్కన పెట్టేవారు ఈ తేడా గుర్తుంచుకోవాలి. పనిలో పనిగా ఇంకొకటి: మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదటి రోజుల్లో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి రోజుకు కొన్ని నిమిషాలు డిష్ లింకును చెడగొడతాడు. అక్టోబరులో వాయుగుండం ఉన్నప్పుడు అలా జరిగితే పరికరం పాడైందని విప్పదీసి కూర్చోకండి, తనంత తానే వస్తుంది.

ఇక ఆన్ చేయడం. చాలాచోట్ల వాడే ఐశాట్‌ఫోన్-2 లాంటి హ్యాండ్‌సెట్ ముందు జీపీఎస్‌తో తానెక్కడ ఉందో తెలుసుకోవాలి, ఆ తర్వాతే నెట్‌వర్క్‌లో నమోదవుతుంది. రోజూ వాడుతుంటే అంతా కలిపి నిమిషం, రెండు నిమిషాల పని. నెలల తరబడి ఆఫ్‌లో ఉండి, పైగా వేరే జిల్లా నుంచి తెచ్చిందైతే జీపీఎస్ దొరకడానికే పది నిమిషాలు పట్టవచ్చు. ఆ పది నిమిషాలు యాంటెన్నా ఆకాశం వైపు పెట్టి కదలకుండా ఉండాలి. సిబ్బంది సాధారణంగా రెండో నిమిషంలోనే ఓపిక పోయి ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తారు. దాంతో వెతుకులాట మొదటికొస్తుంది. ఆన్ చేసి ఆరుబయట బల్ల మీద పెట్టండి, టీ తాగండి, మళ్లీ చూడండి. సిగ్నల్ రెండు గీతలన్నా వచ్చాకే డయల్ చేయండి.

నంబర్లన్నీ ప్లస్ తొంభై ఒకటితో మొదలయ్యేలా ఫోన్లో ఎక్కించండి. సున్నాతో డయల్ చేసే అలవాటు దీనికి పనికిరాదు. అవతలివైపు ఎవరికి చేస్తున్నారో కూడా ముందే ఆలోచించాలి. తుఫాను పడిన ఊళ్లోని ఆర్డీవో సెల్‌కు శాటిలైట్ ఫోన్ నుంచి చేసి లాభం లేదు, ఆ సెల్ చచ్చిపోయే ఉంటుంది. చేయాల్సింది దూరంగా ఉన్న ల్యాండ్‌లైన్‌కు లేదా మరో శాటిలైట్ ఫోన్‌కు. రాష్ట్ర కంట్రోల్ రూముది ఒక నంబరు, తుఫాను తాకని జిల్లా కలెక్టరేట్‌ది ఒక నంబరు, ఫోన్ వెనక స్టిక్కర్ మీద ఉండాలి. పిన్ కూడా అక్కడే రాయండి. పిన్ రహస్యంగా ఉంచి, అది తెలిసిన ఉద్యోగి బదిలీ అయిపోతే ఫోన్ ఉన్నా లేనట్టే.

అవతలి నుంచి ఫోన్ రావడం అన్నిటికన్నా కష్టం. యాంటెన్నా మడిచి జేబులో పెట్టుకున్న శాటిలైట్ ఫోన్‌కు కాల్ వస్తుందన్న నమ్మకం లేదు, ఎందుకంటే దానికి ఉపగ్రహం సరిగా కనపడదు. మామూలు సెల్ ఫోన్ అలవాటుతో అందరూ ఇక్కడే మోసపోతారు. మార్గం ఒకటే, వేళ పెట్టుకోవడం. 6, 8, 10 ఇలా ప్రతి సరి గంటకూ మొదటి 10 నిమిషాలు అన్ని మండలాల ఫోన్లూ పసుపు పాదాల మీద, యాంటెన్నా చాచి, ఆన్‌లో ఉండాలి. జిల్లా కంట్రోల్ రూము ఆ పది నిమిషాల్లోనే పిలుస్తుంది. మిగతా గంటా యాభై నిమిషాలు ఆఫ్. మాట్లాడటానికి 8 గంటలు, ఆన్‌లో ఉంచితే 160 గంటలు వస్తుందని తయారీదారు చెప్పే బ్యాటరీ ఈ పద్ధతిలో తుఫాను రోజులన్నీ లాగుతుంది.

మాట్లాడేటప్పుడు మాట ఆలస్యంగా చేరుతుంది. విశాఖ నుంచి ఉపగ్రహానికి, అక్కడి నుంచి గేట్‌వేకు కలిపి 74 వేల కిలోమీటర్ల దాకా ఉంటుంది. కాంతి వేగంతో వెళ్లినా పావు సెకను. రెండు శాటిలైట్ ఫోన్లు గేట్‌వే మీదుగా మాట్లాడుకుంటే అర సెకను, జవాబు వచ్చేసరికి సెకను దాటుతుంది. మన అలవాటేమో అవతలివాళ్లు ఆగితే చాలు, "హలో, హలో, వినపడుతోందా" అనడం. ఆ హలో వాళ్ల జవాబు మీద పడుతుంది, వాళ్లు మళ్లీ మొదలెడతారు, నిమిషం అలాగే గడిచిపోతుంది. పోలీసు వైర్‌లెస్‌లో లాగా మాట అయిపోగానే "ఓవర్" అనడం, రెండు సెకన్లు ఊరుకోవడం నేర్పండి.

ఇంకో చిక్కు ఉంది. ఉపగ్రహం నేల మీదికి టార్చిలైటులా వేసే ఒక్కో కిరణం (స్పాట్ బీమ్) కింద వందల కిలోమీటర్ల ప్రాంతం ఉంటుంది. దానికి కేటాయించే చానళ్లు లెక్క ప్రకారమే. అందరూ ఒకేసారి మాట్లాడాలంటే దొరకవు. అందుకే లెక్కలన్నీ మెసేజ్‌లో పంపి, నోటితో చెప్పాల్సినవే కాల్‌లో చెప్పాలి. ఇక్కడ మన లిపితో ఒక ఇబ్బంది. ఇంగ్లిష్ అక్షరాల్లో మెసేజ్‌కు 160 స్థానాలుంటే, తెలుగులో యూనికోడ్ కాబట్టి 70 మాత్రమే. గుణింతం, వత్తు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "శ్రీకాకుళం" అన్న ఒక్క మాటే 10 స్థానాలు తింటుంది. తెలుగు వద్దనడం లేదు, లెక్కలకు మాత్రం అంకెలు వాడండి. ఉదాహరణకు ఈ వరస పెట్టుకోవచ్చు: మండలం సంఖ్య, మృతులు, గాయపడినవారు, షెల్టర్లో ఉన్నవారు, తాగునీరు ఎన్ని రోజులకుంది, రోడ్డు (తెరిచి ఉంటే 1, మూసుకుపోతే 0). అప్పుడు 14/0/3/450/2/0 అన్న మెసేజ్ చాలు, 14 స్థానాల్లో అయిపోయింది. 14వ మండలంలో 450 మంది షెల్టర్లో ఉన్నారు, నీళ్లు రెండు రోజులకే ఉన్నాయి, రోడ్డు లేదు, ట్యాంకర్ బదులు పడవలో పంపాలి. ఆ వరస ముద్రించిన కార్డు ప్రతి ఫోన్ డబ్బాలోనూ, కంట్రోల్ రూము గోడ మీదా ఉండాలి. కార్డు లేని చోట అంకెల అర్థాలు మారిపోయి మృతుల గడిలో షెల్టర్ జనం పడే ప్రమాదం ఉంది, ఆ తప్పు టీవీ చానళ్లకు చేరిందంటే సర్దడం మీ వల్ల కూడా కాదు.

జిల్లా కంట్రోల్ రూములో మనిషి లోపలే కూర్చోవాలి కాబట్టి డాకింగ్ యూనిట్ (ఫోన్‌ను బయటి యాంటెన్నాకు కలిపే స్టాండు), డాబా మీద బయటి యాంటెన్నా పెడతారు. అక్కడ చెడేది కేబుల్. బజారులో దొరికే సన్నని కోక్స్ (యాంటెన్నా కేబుల్) 10 మీటర్లు వేస్తే శక్తిలో ఐదింట నాలుగు వంతులు దారిలోనే పోతుంది. తక్కువ నష్టం ఉండే లావు కేబుల్ అదే దూరానికి మూడో వంతు మింగుతుంది. టెండర్లో "కేబుల్ 30 మీటర్లు" అని మాత్రమే రాస్తే వచ్చేది సన్నదే. కేబుల్ రకం, ఈ ఫోన్లు వాడే 1.6 గిగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు ఎంత నష్టమో రాయించండి, వీలైతే డాకింగ్ యూనిట్‌నే పై అంతస్తుకు మార్చి కేబుల్ 10 మీటర్లకు తగ్గించండి. కనెక్టర్ల మీద సాగదీసి చుట్టే రబ్బరు టేపు వేయాలి, మామూలు ఇన్సులేషన్ టేపు ఉప్పుగాలికి ఏడాది తిరక్కుండానే ఊడొస్తుంది.

బ్యాటరీ, సిమ్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఇనుప బీరువా వేసవిలో పొయ్యిలా కాగుతుంది, ఆ వేడిలో లిథియం బ్యాటరీ ఏళ్లు కరిగిపోతాయి. చల్లటి గదిలో పెట్టండి, నెలకోసారి చార్జ్ చేయండి, కారు చార్జర్ తప్పకుండా తీసుకోండి, కరెంటు లేని రోజుల్లో మీ జీపు బండే మీ పవర్ హౌస్. సిమ్ గడువు తేదీ, బిల్లు ఎవరు కట్టాలి అన్నది ఒక పేరు మీద రాసి పెట్టండి. నెల మొదటి సోమవారం ఉదయం 10 గంటలకు ప్రతి ఫోన్ నుంచి ఒక కాల్, ఒక మెసేజ్ బయటి నుంచే వెళ్లాలి. ఆన్ చేసి చూశాం, వెలుగుతోంది అన్నది పరీక్ష కాదు.

సముద్రం మీదికి వద్దాం. పది, పదిహేను రోజుల వేటకు వెళ్లే మరబోట్లకు ఇస్తున్న ట్రాన్స్‌పాండర్లు మాట్లాడే ఫోన్లు కావు, ఇస్రో ఉపగ్రహం జీశాట్-6 ద్వారా మెసేజ్‌లు అటూ ఇటూ పంపేవి. దేశంలో లక్ష బోట్లకు అమర్చే ఈ పథకానికి 364 కోట్ల రూపాయలు. ఎందుకు మెసేజ్‌లే అంటే, కారణం ఉపగ్రహానికున్న గొడుగులాంటి యాంటెన్నాలో ఉంది. చేతి ఫోన్‌లోని రెండు వాట్లకు మించని శక్తిని అంత దూరం నుంచి వినాలంటే ఉపగ్రహానికి పెద్ద యాంటెన్నా కావాలి. గల్ఫ్ దేశాల తురయా ఉపగ్రహాలకు 12.25 మీటర్లది, ఐశాట్‌ఫోన్లు వాడే ఇన్‌మార్‌శాట్-4కు 9 మీటర్లది ఉంది. జీశాట్-6ది 6 మీటర్లు, తురయాతో పోలిస్తే వైశాల్యం నాలుగో వంతు. దేశం మొత్తానికి ఐదు బీమ్‌లు. చిన్న మెసేజ్‌లకు అది బాగా సరిపోతుంది, ఆ పనికి దాన్ని వాడటం తెలివైన నిర్ణయమే.

ఈ ఉపగ్రహం 83 డిగ్రీల రేఖాంశం మీద ఉంది, విశాఖ ఉన్నదీ 83.3 మీదే. అంటే విశాఖ హార్బర్లో నిలబడ్డ సరంగుకు అది సరిగ్గా దక్షిణాన, దాదాపు నడినెత్తికి దగ్గరగా ఉంటుంది. బోటు 20 డిగ్రీలు అటూ ఇటూ ఊగినా యాంటెన్నా దాన్ని పోగొట్టుకోదు. పోగొట్టేవి వేరే: యాంటెన్నాను కేబిన్ కప్పు మీద కాకుండా లోపల కట్టడం, దాని మీద వలలు ఆరేయడం, ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు వోల్టేజి పడిపోయే తీగకే కలపడం, ఫ్యూజు లేకపోవడం, కనెక్టర్లో ఉప్పు పట్టడం. వీటిని సరిచేయడానికి మీకు ప్రతి ఏటా సమయం దొరుకుతూనే ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ రోజుల్లో రేవు రేవునా ఒక టెక్నీషియన్ బోటు బోటూ ఎక్కి, యాంటెన్నా విప్పి, తుడిచి, రబ్బరు టేపు చుట్టి, ఒక పరీక్ష మెసేజ్ పంపించి, జవాబు వచ్చాకే బోటు నంబరు పక్కన టిక్కు పెట్టాలి. సరంగుతో పాటు కళాసీల్లో ఇంకొకరికైనా అత్యవసర మీట ఎక్కడుందో చూపించాలి.

1980ల మధ్యలోనే ఇన్సాట్ ద్వారా మన తీరానికి తుఫాను హెచ్చరికలు పంపే రిసీవర్లు వచ్చాయి. అవి వినిపించేవి, జవాబు తీసుకునేవి కావు. జవాబు వచ్చే దారి ఇప్పుడు ఉంది, అయితే ఒకే ఒక్క దారి. జీశాట్-6 మన శ్రీహరికోట నుంచే 2015 ఆగస్టు 27న వెళ్లింది, తొమ్మిదేళ్ల ఆయుష్షు అని చెప్పి పంపారు, ఆ తొమ్మిదేళ్లు నిండాయి. దానికి తోడుగా 2018 మార్చి 29న వెళ్లిన జీశాట్-6ఏ రెండోసారి కక్ష్య పెంచాక సంబంధం తెగిపోయి దక్కలేదు. ఆయుష్షు నిండిన ఉపగ్రహం వెంటనే ఆగిపోదు. ఇంధనం పొదుపు చేయడానికి ఉత్తర దక్షిణాల అదుపు వదిలేస్తే ఏటా డిగ్రీలోపు ఊగిసలాట పెరుగుతుంది, బోటు యాంటెన్నాకు అది పెద్ద తేడా కాదు. కానీ హఠాత్తుగా పోతే? 2024 ఏప్రిల్‌లో తురయా-3 అలాగే పోయింది, ఆస్ట్రేలియా వైపు దాని మీదే ఆధారపడ్డవారి ఫోన్లు ఒక్కసారిగా మూగబోయాయి. కలెక్టర్లుగా మీరు రాకెట్లు పంపలేరు. కానీ ఈ ట్రాన్స్‌పాండర్లు జీశాట్-6 తర్వాత ఏ ఉపగ్రహంతో, ఏ తేదీ నుంచి పనిచేస్తాయి, పరికరం మార్చాలా, మారిస్తే ఖర్చు ఎవరిది అని మత్స్యశాఖ ద్వారా అంతరిక్ష శాఖను రాతపూర్వకంగా అడగగలరు. రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా ప్రతి హార్బర్లోనూ వీహెచ్ఎఫ్ (వైర్‌లెస్ రేడియో) సెట్లు, జిల్లా కేంద్రంలో హామ్ రేడియోవాళ్ల (లైసెన్సు ఉన్న ఔత్సాహిక రేడియో ఆపరేటర్ల) జాబితా తీసిపారేయకండి.

ఇట్లు,
ఉపగ్రహ ఫోన్లు, యాంటెన్నాలు అమర్చే పనిలో ఉన్న కొందరు ఇంజనీర్లు, టెక్నీషియన్లు

తా.క.: తుఫాను తర్వాత గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు మంచి మనసుతో తురయా ఫోన్లు పంపుతామంటారు. తీసుకోకండి. తురయా, ఇరిడియం ఫోన్లు అనుమతి లేకుండా మన దేశంలో వాడటం నేరం, విమానాశ్రయంలోనే పట్టుకుంటారు, తెచ్చిన కుర్రాడు కేసులో ఇరుక్కుంటాడు. సాయం చేయాలనుకునేవారికి కారు చార్జర్లు, లావు కేబుల్, రబ్బరు టేపు కొనిపెట్టమని చెప్పండి.